కొలేటరల్ (2004): పైన పటారం, లోన లొటారమా?

అర్ధరాత్రి ఆట

నిన్న రాత్రి కొలేటరల్ మూడోసారి చూశాను. అప్పటినుంచి ఒకటే ప్రశ్న బుర్ర తొలిచేస్తోంది. ఈ ఫోరంలో చాలామందికి ఈ సినిమా అంటే ప్రాణమని తెలుసు, అందుకే ఇక్కడే అడుగుతున్నాను. క్లైమాక్స్‌తో సహా అన్నీ చెప్పేస్తాను. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

చూసి చాలాకాలమైనవాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. లాస్ ఏంజెలెస్‌లో మాక్స్ (జేమీ ఫాక్స్) పన్నెండేళ్లుగా రాత్రి ట్యాక్సీ నడుపుతుంటాడు. ఇది తాత్కాలికమే, త్వరలో సొంతంగా లిమోజీన్ల కంపెనీ పెడతానంటాడు. ఒక రాత్రి బూడిద రంగు సూటు, నెరిసిన జుట్టుతో విన్సెంట్ (టామ్ క్రూజ్) ఎక్కుతాడు. అయిదు చోట్ల పనుంది, రాత్రంతా నాతో తిరిగితే 600 డాలర్లు ఇస్తానంటాడు. మొదటి చోటే పైనుంచి శవం వచ్చి కారు మీద పడుతుంది. విన్సెంట్ కిరాయి హంతకుడు. ఒక డ్రగ్స్ ముఠా మీద నడుస్తున్న ఫెడరల్ కేసుతో సంబంధం ఉన్న అయిదుగురిని తెల్లారేలోగా లేపేయడం వాడి పని. ఆ అయిదో మనిషి కేసు వాదించబోయే ప్రభుత్వ లాయర్ ఆనీ (జేడా పింకెట్ స్మిత్). ఆ సాయంత్రం మాక్స్ కారులో కబుర్లు చెప్పి, కార్డు ఇచ్చి దిగిన అమ్మాయే ఆమె.

గంటన్నర పాటు ఊపిరి బిగబట్టి చూస్తాను. ఆ తర్వాత కారు బోల్తా పడుతుంది, మాక్స్‌కు ఆనీ పేరు కనిపిస్తుంది, ఇక పరుగే పరుగు. చీకటి ఆఫీసు, అద్దాలు, మెట్రో రైలు, తుపాకులు. దర్శకుడు మైకేల్ మాన్ కాకుండా ఇంకెవరు తీసినా ఆ చివరి అరగంట అలాగే ఉండేదనిపిస్తుంది. అప్పుడు వెనక్కి తిరిగి ఆలోచిస్తే భయం వేస్తుంది. ఆ నగరం దీపాలు, ఆ సూటు, ఆ సంగీతం, హెలికాప్టర్ షాట్లు తీసేస్తే ఇందులో నిజంగా ఏమైనా ఉందా? నేనింతకాలం మురిసిపోయింది పైపై మెరుగులకేనా?

కథ ముఖ్యం

మీ అనుమానం సబబే. నాకు చివరి అరగంట కన్నా ముందే పేచీ ఉంది. అంత పెద్ద నగరంలో ఒక డ్రైవర్ కారులో వరసగా ఎక్కిన ఇద్దరిలో ఒకరు చంపేవాడు, ఇంకొకరు చావాల్సిన మనిషి. కాకతాళీయం అని సరిపెట్టుకోవచ్చు, కానీ కథ మొత్తం దాని మీదే నిలబడింది. మొదలూ అదే, ముగింపూ అదే.

స్టూవర్ట్ బీటీ రాసిన కథ ఇది. పదిహేడేళ్ల వయసులో సిడ్నీ విమానాశ్రయం నుంచి ట్యాక్సీలో ఇంటికి వెళ్తున్నప్పుడు తట్టిన ఆలోచనట. డ్రైవర్ నమ్మకంగా వీపు మనవైపు పెట్టి కూర్చుంటాడు, వెనక సీట్లో ఉన్నది ఎవరో అతనికి తెలియదు. ఎంత గొప్ప బీజం! మొదట న్యూయార్క్ కథగా రాశాడు, మాన్ దాన్ని లాస్ ఏంజెలెస్‌కు మార్చాడు. ఆ బీజంలో ఆనీ అవసరం ఎక్కడుంది? ఒక కారు, ఇద్దరు మనుషులు, ఒక రాత్రి. అంతకు మించి ఏం కావాలి? హీరోకు కాపాడటానికి ఒక అమ్మాయి కావాలన్న పాత లెక్క కోసం తెచ్చి అతికించారు.

వెలుగునీడ

ఆట గారూ, "దీపాలు తీసేస్తే ఏముంది" అన్న ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. ఈ సినిమాలో దీపాలు తీసేయడం కుదరదు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాను, నాకు ఇష్టమైన విషయం, ఓపిక పట్టండి.

అప్పటిదాకా రాత్రి సీన్లు ఫిల్మ్ మీద తీసేటప్పుడు కెమెరాకు కనిపించాలంటే పెద్ద పెద్ద లైట్లు పెట్టాలి. మొహం వెలుగులో ఉంటుంది, వెనకాల ఆకాశం మాత్రం తారు పూసినట్టు నల్లగా ఉంటుంది. నిజం రాత్రి అలా ఉండదు కదా. పెద్ద నగరంలో ఆకాశం ఎప్పుడూ పూర్తిగా నల్లబడదు, వీధి దీపాల వెలుగు మబ్బులకు తగిలి కిందకు దిగుతుంది. మాన్‌కు కావాల్సింది అది. అందుకే సినిమాలో దాదాపు 80 శాతం డిజిటల్‌లో తీశాడు, థామ్సన్ వైపర్, సోనీ కెమెరాలతో. 2004లో అంత పెద్ద బడ్జెట్ సినిమాకు అది తెగింపే. పాల్ కామెరన్ మొదలుపెట్టాడు, డియాన్ బీబీ పూర్తి చేశాడు, ఇద్దరి పేర్లూ తెర మీద పడతాయి.

ఈసారి చూసినప్పుడు కారు కిటికీ అవతల చూడండి. తాటి చెట్లు నల్లగా, వాటి వెనక ఆకాశం నారింజ, గోధుమ కలిసిన రంగులో. కొన్నిచోట్ల వీధి దీపం ఆకుపచ్చగా కొడుతుంది. ఆ నారింజ రంగు సెట్‌లో పుట్టించింది కాదు, ఆ ఊరి సోడియం దీపాలది. కారు లోపల మామూలు లైటు పెడితే అద్దాల్లో కనబడిపోతుంది కాబట్టి, కాగితంలా పల్చగా ఉండి తమంతట తామే సన్నగా వెలిగే ప్యానెళ్లను సీట్ల వెనక, పైకప్పుకు అంటించారు. మాక్స్ మొహం మీద వెలుగు ఎక్కడినుంచి పడుతోందో మనకు తెలియదు, నగరమే అతని మీద పడుతున్నట్టుంటుంది.

ఇంకో సంగతి. 2009 నుంచి లాస్ ఏంజెలెస్ తన వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చడం మొదలుపెట్టింది, తొలి విడతలోనే దాదాపు 1,40,000 దీపాలు. ఎల్‌ఈడీ వెలుగు తెల్లగా ఉంటుంది. అంటే ఈ సినిమాలో కనిపించే నారింజ రాత్రి ఇప్పుడు ఆ ఊళ్లోనే దొరకదు. తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. మీరు పైమెరుగు అంటున్నది ఒక నగరం మొహం.

నాలుగో వరుస

వెలుగునీడ గారి మాటలు చదవడానికి బాగున్నాయి, కానీ తెర మీద చూసినప్పుడు నాకు కలిగిన అనుభవం వేరు. నేను ఈ సినిమాను థియేటర్లో, నాలుగో వరుసలో కూర్చుని చూశాను. చీకటి ఉన్నచోటల్లా చుక్కలు చీమల్లా పాకుతున్నాయి. మనిషి గబుక్కున కదిలితే అంచులు అలుక్కుపోయినట్టు కనిపించింది. కొన్ని షాట్లు టీవీ వార్తల కెమెరాతో తీసినట్టున్నాయి. ఇదే దర్శకుడు 1981లో థీఫ్ తీశాడు. తడిసిన రోడ్ల మీద దీపాల నీడలు ఫిల్మ్‌లో ఎంత నిండుగా ఉంటాయో ఒక్కసారి చూడండి. 1995లో వచ్చిన హీట్‌లో బాల్కనీ నుంచి రాత్రి నగరం కనిపించే సీన్ ఉంది, అది చూశాక కొలేటరల్ పల్చగా అనిపిస్తుంది.

నిజాన్ని ఉన్నదున్నట్టు చూపించడం వేరు, అందంగా చూపించడం వేరు. నిజం రాత్రి చూడాలంటే కిటికీ తెరిస్తే చాలు.

వెలుగునీడ

నాలుగో వరుస గారూ, చుక్కల విషయం ఒప్పుకుంటాను. కెమెరాలు అప్పటికింకా ఎదగలేదు, శక్తికి మించి చీకట్లోకి తోశారు. కానీ కొరియాటౌన్ నైట్‌క్లబ్ కాల్పుల సీన్ మళ్లీ చూడండి. లోపలి భాగం ఫిల్మ్ మీదే తీశారు. రంగులు నిండుగా, నలుపు చిక్కగా ఉంటుంది. బయటికి రాగానే బొమ్మ పల్చబడి, ఆకాశం పైకి లేస్తుంది. నాకు అక్కడ ఊపిరి తగులుతుంది. మీకు పల్చగా అనిపించిందే నాకు గాలిలా అనిపిస్తుంది.

మీటర్ డౌన్

నేను ఇక్కడ రాయడం తక్కువ. ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నాలుగేళ్లు రాత్రిపూట ట్యాక్సీ నడిపాను. కెమెరాల సంగతి నాకు తెలియదు, కారు సంగతి తెలుసు.

మొదటి అయిదు నిమిషాలు గుర్తున్నాయా? గ్యారేజీలో ఒకటే గోల. మాక్స్ కారెక్కి తలుపు వేస్తాడు, గోల ఆగిపోతుంది. లోపలంతా తుడుచుకుంటాడు. ఎండ తగలకుండా ముందు అద్దం మీద దించుకునే పలక ఉంటుంది కదా, దానికి ఒక దీవి ఫొటో పెట్టుకుంటాడు. డైలాగ్ లేదు. నేను ఆ సీన్‌ను ఆపి ఆపి చూశాను. డ్యూటీ ఎక్కేముందు కారు తుడవడం ప్రయాణికుల కోసమని అందరూ అనుకుంటారు. కాదండీ. ఇక పన్నెండు గంటలు నా ఇల్లు ఇదే అని మనకు మనం చెప్పుకోవడం అది. స్టీరింగ్ మీద ముందు డ్యూటీవాడి చేతి జిడ్డు ఉంటుంది, అది పోయేదాకా అది నా కారు కాదు.

విన్సెంట్ దారి అడిగితే మాక్స్ ఏడు నిమిషాలు అంటాడు, సరిగ్గా ఏడు నిమిషాలకే చేరుస్తాడు. ఆనీతో కూడా ఏ దారిలో త్వరగా వెళ్తామో పందెం కాసి గెలుస్తాడు. అది హీరో బిల్డప్ కాదు. ఏ సిగ్నల్ ఎంతసేపు పడుతుందో, ఏ గంటకు ఏ రోడ్డు ఖాళీ అవుతుందో ఒంటికి తెలిసిపోతుంది. ఆ పని గొప్పగా చేయడం వచ్చు కాబట్టే అతను అందులోంచి బయటపడలేదు. నేనూ ఆరు నెలలే అనుకుని మొదలుపెట్టాను.

ఇంకా ముఖ్యమైనది అద్దం. మాక్స్ విన్సెంట్‌ను సగం సినిమా అద్దంలోనే చూస్తాడు. రాత్రి డ్రైవర్‌కు మనుషులంటే అద్దంలో కనిపించే కళ్లు, నుదురు. ప్రయాణికులకు మనం మెడ, భుజాలు. వెనక కూర్చుని ఇంటి గొడవలు, డబ్బు గొడవలు, చెప్పుకోకూడనివి కూడా ఫోన్లో మాట్లాడేసుకుంటారు, ముందు సీట్లో మనిషే లేనట్టు. ఒకసారి ఒకాయన నలభై నిమిషాలు నోరు విప్పలేదు. దిగేముందు వంగి, కిటికీలోంచి నా పేరు అడిగాడు. ఆ రాత్రంతా నాకు అదే గుర్తుంది.

ఈ సినిమాలో మాక్స్‌ను పేరుతో పిలిచి, అతని కలేంటో అడిగి, అమ్మను చూడటానికి ఆసుపత్రికి వెళ్లమని పూలు కొని మరీ తీసుకెళ్లి, అతని మేనేజర్ రేడియోలో దబాయిస్తే అతని తరఫున మాట్లాడేది ఎవరు? హంతకుడు. పైపై మెరుగులే అయితే నాకు అంత దిగులు ఎందుకు వేసింది?

కొత్త ప్రేక్షకుడు

మీటర్ డౌన్ అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను ఈ సినిమాను పోయిన నెలే మొదటిసారి చూశాను.

నాకు అర్థం కాని సీన్ ఒకటుంది. కారు వెళ్తుంటుంది, ఖాళీ రోడ్డు. ఒక కయోటీ (తోడేలు జాతి అడవి జంతువు), దాని వెనక ఇంకొకటి, రోడ్డు దాటతాయి. మాక్స్ కారు ఆపుతాడు. ఒక దాని కళ్లు దీపం వెలుగులో మెరుస్తాయి. ఇద్దరూ మాట్లాడరు. వెనక పాట వస్తుంది. కారు మళ్లీ కదులుతుంది, అంతే. ఆ సీన్ తీసేస్తే కథకు ఏ నష్టమూ లేదు. కానీ సినిమా అనగానే ముందు నాకు అదే గుర్తొస్తోంది. ఇది గొప్పదనమా, బలహీనతా?

కథ ముఖ్యం

తమ్ముడూ, అది బలహీనతే అని చెప్పాలని వచ్చాను కానీ చెప్పలేకపోతున్నాను, ఆ సీన్ నాకూ ఇష్టమే. అయితే ఇష్టం వేరు, అవసరం వేరు. అది పాట విడియోలో ఉన్నా అంతే అందంగా ఉండేది.

చంద్రిక

కయోటీల సీన్ వరకు నేను కొత్త ప్రేక్షకుడు వైపే. ఆ సీన్ ఎక్కడ వస్తుందో గుర్తు తెచ్చుకోండి. అప్పటికి చాలామంది చచ్చారు, మాక్స్ అలసిపోయాడు, విన్సెంట్ కూడా. కారులో ఇద్దరూ ఒకేసారి ఒకే వైపు చూసే క్షణం అది. విన్సెంట్ మొహంలో మాట రాదు. ఆ రాత్రి మొత్తంలో చంపడానికో, బతకడానికో కాకుండా ఊరికే చూసింది అప్పుడే. అది తీసేస్తే విన్సెంట్ తుపాకీ పట్టిన యంత్రంగానే మిగిలిపోతాడు.

జాజ్ క్లబ్ సీన్ కూడా అలాంటిదే. ట్రంపెట్ వాయించే డేనియల్ కుర్రతనంలో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్‌ను కలిసిన కథ చెప్తుంటే విన్సెంట్ నిజంగానే ముచ్చటపడి వింటాడు. తర్వాత మైల్స్ సంగీతం ఎక్కడ నేర్చుకున్నాడో సరిగ్గా చెప్తే వదిలేస్తానంటాడు. డేనియల్ చెప్తాడు, అది విన్సెంట్ అనుకున్న జవాబు కాదు. తుపాకీ పేలుతుంది. ఆ వెంటనే విన్సెంట్ చేసేది చూడండి. డేనియల్ తల బల్లకు కొట్టుకోకుండా చేత్తో పట్టుకుని, నిద్రపోతున్నవాణ్ణి పడుకోబెట్టినట్టు మెల్లగా దించుతాడు. నాకు ఆ చెయ్యి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. వీడికి మనుషుల మీద ఏదో ఉంది, కానీ అది చంపకుండా ఆపేంత లేదు. దీన్ని ఏ డైలాగ్‌తో చెప్తారు?

కానీ ఆట గారి ఫిర్యాదులో నిజం ఉంది, అది స్టైల్‌కు సంబంధించింది కాదు. ఆనీ సంగతి చూడండి. మొదటి పది నిమిషాల్లో ఆమె ఎంత నిండు మనిషి! దారి గురించి డ్రైవర్‌తో వాదిస్తుంది, ఓడిపోతే ఒప్పుకుంటుంది. కేసు ముందురోజు రాత్రి తనకు ఏడుపొస్తుందని, చేతకానిదాన్నేమో అనిపిస్తుందని పరాయి మనిషికి చెప్పుకుంటుంది. మాక్స్ తన దీవి ఫొటో తీసి ఆమెకిచ్చేస్తాడు. ఇద్దరు ఒంటరి మనుషులు పావుగంటలో దగ్గరవడం ఇంత సహజంగా నేను ఎక్కువ సినిమాల్లో చూడలేదు. అదే ఆనీ చివర్లో ఏం చేస్తుంది? భయపడుతుంది, పరిగెడుతుంది, మాక్స్ చెయ్యి పట్టుకుంటుంది. కోర్టులో ముఠా నాయకుణ్ణి నిలబెట్టబోయే మనిషి తన ఆఫీసులో, తన చీకట్లో, తనకు కొట్టినపిండి అయిన గదుల్లో ఒక్క తెలివైన పని కూడా చేయదు. ఆమె కనిపించినంతసేపూ నాకు కోపం వచ్చింది. దీపాల్ని తప్పు పట్టకండి, తప్పు కాగితం మీదే ఉంది.

అర్ధరాత్రి ఆట

చంద్రిక గారూ, నేను చెప్పలేక తడుముకుంటున్నది మీరు చెప్పేశారు. చివరి అరగంట నన్ను ఎందుకు ముంచిందో ఇప్పుడు అర్థమైంది. పరుగు, చీకటి నాకు ఇబ్బంది కాదు. అప్పటిదాకా మనుషులుగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా పాత్రలైపోయారు. విన్సెంట్ కూడా. గంటన్నర పాటు మాట్లాడినవాడు, ఆ తర్వాత ఒంటిమీద రక్తంతో దయ్యం సినిమాలో లాగా వెంటపడతాడు.

మీటర్ డౌన్ గారికి నా నమస్కారాలు. ఇకమీదట ఆ గ్యారేజీ సీన్‌ను మీ కళ్లతోనే చూస్తాను.

వెలుగునీడ

ఆ చివరి అరగంటలో ఒక్కదాని గురించి నేను గట్టిగా నిలబడతాను: రైలు.

ఎక్కిన కొత్తలోనే విన్సెంట్ ఈ ఊరంటే తనకెందుకు పడదో చెప్తాడు. ఒకడు మెట్రో ఎక్కి చచ్చిపోయాడట. ఆరు గంటల పాటు శవం అలాగే తిరిగింది, జనం ఎక్కారు, దిగారు, పక్కనే కూర్చున్నారు, ఒక్కరూ గమనించలేదు. రెండు గంటల తర్వాత విన్సెంట్ మెట్రోలోనే కూర్చుని, అదే సంగతి మాక్స్‌ను అడిగి, తల వాల్చేస్తాడు. మాక్స్, ఆనీ దిగిపోతారు. బయట తెల్లారుతుంటుంది. రైలు అతన్ని మోసుకుని వెళ్లిపోతుంది.

మాన్ సినిమా మొత్తం హెలికాప్టర్‌లోంచి ఆ దీపాల్ని ఎందుకు చూపించాడంటారు? అన్ని లక్షల దీపాలు, ప్రతి దీపం కింద ఒక మనిషి, ఎవరికీ ఎవరూ కనిపించరు. విన్సెంట్ నోటితో చెప్పిన మాటను కెమెరా రెండు గంటలు చూపించింది. ఆ రైలు దగ్గరికి చేరాలంటే ఆ పరుగు కావాలి.

కథ ముఖ్యం

మొదట్లో చెప్పింది చివర్లో జరిగితే అదేమీ గొప్ప రచన కాదండీ. గోడకు తుపాకీ తగిలించి చివర్లో పేల్చడం స్క్రీన్‌ప్లే మొదటి పాఠం. రైలు దగ్గరికి ఎలాగైనా చేర్చాలని ముందే అనుకుని, మనుషుల్ని అటు తోలారు. అదే నాకు కష్టంగా ఉంది.

పోలీసు ఫానింగ్ విషయం కూడా చూడండి. మార్క్ రఫలో ఆ పాత్రలో ఎంత బాగున్నాడు. మాక్స్ అమాయకుడని నమ్మింది అతనొక్కడే. క్లబ్ గోలలోంచి చెయ్యి పట్టుకుని బయటికి తెస్తాడు, ఇక గండం గడిచిందని మనం ఊపిరి తీసుకునేలోగా విన్సెంట్ కాల్చేస్తాడు. తర్వాత అతని గురించి ఒక్క మాట ఉండదు. అంత కష్టపడి నిలబెట్టిన మనిషిని చీపురుతో ఊడ్చేసినట్టు ఊడ్చేశారు.

మీటర్ డౌన్

కథ ముఖ్యం గారూ, ఫానింగ్ దగ్గర మీతో కలవలేను. అతను చచ్చాకే మాక్స్ మారాడు. ఆ తర్వాత కారులో కూర్చున్నప్పుడు మాక్స్ గొంతు వినండి. అంతవరకు "సార్, ప్లీజ్" అన్న మనిషి తిరగబడి విన్సెంట్‌ను కడిగేస్తాడు, నీలో మనిషికి ఉండాల్సినదేదో లేదంటాడు. విన్సెంట్ వదలడు. నీ కలలు కలలుగానే ఉంటాయి, ఏదో ఒక రోజు ముసలివాడివై కుర్చీలో కూర్చుని టీవీ చూస్తుంటావు, కారు కొనడానికి మొదటి వాయిదా కూడా నువ్వు కట్టలేదు అన్నట్టు మాట్లాడతాడు. మాక్స్ వేగం పెంచుతాడు. సిగ్నళ్లు లెక్కచేయడు. సినిమాలో అతను రెడ్ లైట్ దాటి వెళ్లడం చూసినప్పుడు నా కుడికాలు దానంతటదే నేలను తొక్కింది, బ్రేక్ కోసం.

పన్నెండేళ్లు తుడుచుకున్న కారును తన చేతులతో తానే పల్టీ కొట్టిస్తాడు. ఆ సీన్‌ను యాక్షన్ సీన్ అంటే నేను ఒప్పుకోను.

నాలుగో వరుస

ఇది నేను ఒప్పుకుంటాను. జేమీ ఫాక్స్‌కు ఈ సినిమాకు ఆస్కార్ సహాయ నటుడి నామినేషన్ వచ్చింది. అదే ఏడాది రే సినిమాకు ఉత్తమ నటుడిగా గెలిచాడు కాబట్టి ఇది మరుగున పడింది. నిజానికి కథంతా అతనిదే, సహాయ నటుడు అనడమే అన్యాయం. కళ్లద్దాలు తీసేసి ముఠా నాయకుడి ముందు విన్సెంట్‌లా నటించాల్సి వచ్చిన సీన్‌లో, మొదట గొంతు తడబడుతుంది, తర్వాత విన్సెంట్ మాటలే అతని నోట్లోంచి వస్తాయి. ఆ ఒక్క సీన్‌లో నేను చుక్కల్ని మర్చిపోయాను.

క్రూజ్ గురించి కూడా ఒక మాట. అంత తెలిసిన మొహం గుంపులో కలిసిపోవాలి కదా. అందుకోసం సరుకులు డెలివరీ చేసే మనిషి వేషంలో జనంలో తిరిగి, ఎవరూ గుర్తుపట్టకుండా సాధన చేశాడట. తెర మీద ఆ ఫలితం కనిపిస్తుంది. ఎస్కలేటర్ మీదా, లాబీల్లోనూ అతను నడుస్తుంటే పక్కవాళ్ల చూపు అతని మీద పడదు.

కొత్త ప్రేక్షకుడు

రైల్లో చివరి కాల్పులు ఆపి చూశాను. లైట్లు ఆరిపోతాయి, మధ్యలో తలుపు, ఇద్దరూ ఒకేసారి కాలుస్తారు. విన్సెంట్ ఎప్పటిలాగే గురిపెట్టి కాల్చాడు, అతని గుళ్లన్నీ తలుపు మధ్యలో ఇనుము మీదే పడ్డాయి. మాక్స్‌కు గురే లేదు, ఇష్టం వచ్చినట్టు పేల్చాడు, అందులో ఒకటి అద్దం దాటి తగిలింది. అంటే అంత సాధనే అతన్ని చంపిందా? ఎప్పుడూ పద్ధతి తప్పనివాడు ఆ పద్ధతి వల్లే పోయాడా?

చంద్రిక

నాకు తోచింది అదే. గుండు తగిలాక అతను తుపాకీలో కొత్త తూటాల మ్యాగజైన్ ఎక్కించబోతే చేతిలోంచి జారుతుంది. రాత్రంతా ఒక్కసారి కూడా తడబడని చెయ్యి. జాజ్ క్లబ్‌లో తల పట్టుకున్న చెయ్యి అదే.

అర్ధరాత్రి ఆట

సరే, నేను ఇప్పుడు ఎక్కడున్నానో నిజాయితీగా చెప్తాను. లోన లొటారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రైలు విషయంలో వెలుగునీడ గారు, కారు బోల్తా విషయంలో మీటర్ డౌన్ గారు నన్ను ఒప్పించారు. ఆనీ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ ఆఫీసు సీన్‌లో ఆమెకు ఒక్క నిమిషం ఇచ్చి ఉంటే, ఒక్క నిర్ణయం ఆమెను తీసుకోనిచ్చి ఉంటే, ఈ సినిమాను నేను హీట్ పక్కన పెట్టేవాణ్ణి.

కథ ముఖ్యం గారి కాకతాళీయం గురించి ఒక్క మాట. విన్సెంట్ ఎక్కింది ఆనీ దిగిన భవనం దగ్గరే. ఆ రాత్రి ఎవరిని చంపాలో వాడికి ముందే తెలుసు, అంటే ఆ భవనాన్ని చూసుకోవడానికే లోపలికి వెళ్లి వస్తున్నాడు. చంపాల్సిన మనిషి పనిచేసే చోట ట్యాక్సీ ఎక్కడం గుడ్డి కాకతాళీయం కాదు. మాక్స్ కూడా మొదట పట్టించుకోడు, ఆమె ఇచ్చిన కార్డు చూసుకుంటూ ఉంటాడు. విన్సెంట్ ఇంకో ట్యాక్సీ వైపు వెళ్లబోతుంటే పిలిచి మరీ ఎక్కించుకుంటాడు.

కథ ముఖ్యం

ఇది నేను గమనించలేదు. సగం దిగొస్తాను. మిగతా సగానికి ఆ సీన్ మళ్లీ చూసి రాస్తాను.

కొత్త ప్రేక్షకుడు

మీటర్ డౌన్ అన్నా, అడగొచ్చో లేదో. కిటికీలోంచి పేరు అడిగిన ఆయనకు మీరు చెప్పారా?

మీటర్ డౌన్

చెప్పాను. ఆయన పేరు నేను అడగలేదు. వెనక ఇంకో బండి హారన్ కొడుతోంది, కదిలిపోయాను.